వాన, ఎండ, అన్నం: ప్రపంచ ఆహార భద్రతపై తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు డెల్టాలో నారుమడి మునిగిన ఏడాదే ప్రకాశం పడమటి మండలాల్లో కంది చేను వాడిపోవడం మన ప్రాంతంలో కొత్త సంగతి కాదు. ఈ రెండు నష్టాలకూ, అంగట్లో బియ్యం, నూనె, ఎరువుల ధరలకూ, సముద్రాల అవతల జరిగే యుద్ధాలకూ, ప్రభుత్వాలు విధించే ఎగుమతి నిషేధాలకూ ఉన్న లంకె మాత్రం చాలామందికి స్పష్టంగా కనబడదు. ధాన్యం కొనుగోలు కేంద్రాల దగ్గర, రైతు సేవా కేంద్రాల దగ్గర, ఇళ్లలో తరచుగా వినబడే ప్రశ్నలను తీసుకుని, తెలిసినంత మేరకు వివరంగా సమాధానాలు రాస్తున్నాను.

ఆహార భద్రత అంటే ఏమిటి? గోదాములు నిండుగా ఉంటే సరిపోదా?

సరిపోదు. 1996లో రోమ్ నగరంలో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు చెప్పిన ప్రకారం, చురుకైన, ఆరోగ్యకరమైన జీవితానికి కావలసిన, సురక్షితమైన, పోషకాలున్న ఆహారం అందరికీ, అన్ని వేళలా అందుబాటులో ఉండాలి. దాన్ని కొనుక్కునే శక్తి కూడా వారికి ఉండాలి. అంటే పంట పండాలి, అది మనిషి దాకా చేరాలి, తిన్నది ఒంటికి పట్టాలి, ఈ మూడూ ఏడాది పొడుగునా నిలకడగా సాగాలి. గోదాములో బస్తాలు పేర్చి ఉండడం ఇందులో మొదటి మెట్టు మాత్రమే.

ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలో దాదాపు 67.3 కోట్ల మంది ఆకలితో ఉన్నారు. కావలసినంత ఆహారం నమ్మకంగా దొరకనివారు దాదాపు 230 కోట్ల మంది. అదే ఏడాది ప్రపంచం పండించిన తిండిగింజలు తక్కువేమీ కావు. 1943 బెంగాల్ కరువులో దాదాపు 30 లక్షల మంది చనిపోయినప్పుడు, ధాన్యం పూర్తిగా లేకపోవడం వల్ల కాదు, పేదల చేతిలో దాన్ని కొనే శక్తి పోవడం వల్ల ఆ ఘోరం జరిగిందని అమర్త్యసేన్ విశ్లేషించారు. పండడానికీ అందడానికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని వాతావరణ విపరీతాలు ఇప్పుడు మరింత పెంచుతున్నాయి. అందుకే కింది సమాధానాల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది.

తుఫానులు, కరువులు పూర్వమూ వచ్చాయి కదా? ఇప్పుడు కొత్తేముంది?

వచ్చాయి. 1876–78లో మద్రాసు ప్రెసిడెన్సీని పీడించిన ధాత కరువులో నెల్లూరు జిల్లా కూడా నలిగిపోయింది. మన తీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కాలంలో కరువు పనుల కింద తవ్వించినదే. గంజి నీళ్లతో బతికిన కూలీల చెమట ఆ కాలువలో ఉంది. అంతటి కరువులోనూ దేశం నుంచి ధాన్యం ఓడలకెక్కి ఇంగ్లండుకు వెళ్లింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెననూ, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుఫానునూ చూసినవారు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు.

కొత్తదేమిటంటే, ఈ విపరీతాలు వచ్చే తీరు మారింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. అందువల్ల వాన రాని రోజులు పెరుగుతాయి, వచ్చినప్పుడు నెల రోజుల వాన రెండు రోజుల్లో కుమ్మరిస్తుంది. పారిశ్రామిక విప్లవానికి ముందు కాలంతో పోలిస్తే 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువగా ఉందనీ, కొలతలు మొదలైన తర్వాత అదే అత్యంత వేడి సంవత్సరమనీ ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది.

2021 నవంబరును గుర్తు చేసుకోండి. 19వ తేదీన కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నకు వచ్చిన వరదకు కోవూరు పక్కనే పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారికి కోత పడింది. నది ఒడ్డు పొలాల్లో ఇసుక మేటలు వేసింది. నీళ్లు వారంలో పోతాయి; మేట వేసిన పొలాన్ని మళ్లీ మడి చేయడానికి ఎకరానికి ఎన్ని ట్రాక్టర్ల ఇసుక తోలించాలో, దానికి ఎంత అప్పు చేయాలో ఆ రైతునే అడగాలి. ఒక్క వరద రెండు మూడు కార్ల (పంట కాలాల) దిగుబడిని ఇలా మింగేస్తుంది.

పసిఫిక్ సముద్రం వేడెక్కితే సోమశిల కింద సాగు చేసే రైతుకేమిటి?

చాలా ఉంది. దక్షిణ అమెరికా పడమటి తీరం నుంచి మధ్య పసిఫిక్ వరకు సముద్రపు పైనీరు మామూలు కంటే వేడెక్కడాన్ని ఎల్ నినో అంటారు. అది బలంగా ఉన్న ఏడాది సాధారణంగా మన నైరుతి రుతుపవనాలు బలహీనపడతాయి. 2023 ఆగస్టు 1901 తర్వాత దేశం చూసిన అతి పొడి ఆగస్టు. ఆ నెలలో వాన సగటు కంటే 36 శాతం తక్కువ పడింది.

అయితే నెల్లూరుకు సగానికి పైగా వాన వచ్చేది నైరుతిలో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య రుతుపవనాల్లో. ఎల్ నినో ఏడాదుల్లో ఈ ఈశాన్య వానలు తరచుగా బలపడతాయి. 2015 నవంబరులో చెన్నైతో పాటు నెల్లూరు జిల్లా కూడా వానలకు అల్లాడింది ఇందుకే. ఇది తప్పని సూత్రమేమీ కాదు. 2021 వరదలు ఎల్ నినోకు వ్యతిరేకమైన లా నినా కాలంలో వచ్చాయి. కాబట్టి ‘ఎల్ నినో అన్నారు, ఇక వాన రాదు’ అని మన జిల్లాలో ఎవరైనా చెబితే నమ్మి నిర్ణయాలు తీసుకోవద్దు.

ఇంకొక మెలిక ఉంది. సోమశిల, కండలేరు జలాశయాలకు పెన్న వరదతో పాటు తెలుగుగంగ పథకం ద్వారా శ్రీశైలం నుంచి కృష్ణా నీరు కూడా చేరుతుంది. ఆ శ్రీశైలం నిండాలంటే మహారాష్ట్ర, కర్ణాటకల్లో నైరుతి వాన కురవాలి. పసిఫిక్‌లో మొదలైన మార్పు పడమటి కనుమల మీద వానను తగ్గించి, శ్రీశైలంలో నీటిమట్టాన్ని దించి, చివరకు మన ఆయకట్టులో ఎడగారు (సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతకు వచ్చే) పంటకు నీళ్లు ఇస్తారా లేదా అన్న ప్రశ్నగా వచ్చి నిలబడుతుంది. కాలువ చివరి భూముల రైతులకు ఈ ప్రశ్న అందరికంటే ముందు ఎదురవుతుంది.

ఎండ ఎక్కువైతే వరికి మంచిదే కదా? నీళ్లుంటే చాలదా?

నీళ్లు మాత్రమే చాలవు. వరి వెన్ను మీద ఉండే ఒక్కొక్క పువ్వు ఉదయం పూట, సుమారు తొమ్మిది, పదకొండు గంటల మధ్య విచ్చుకుని గంట సేపు తెరుచుకుని ఉంటుంది. దగ్గరగా వంగి చూస్తే పొట్టు రెండుగా చీలి, లేత పసుపు పుప్పొడి తిత్తులు సన్నని దారాల మీద వేలాడుతుంటాయి. ఆ గంటలో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలదు, రాలినా గింజ కట్టదు. చేను పచ్చగా, ఏపుగా కనబడుతుంది. కోసి నూర్చిన తర్వాత తాలు బయటపడుతుంది. ఎడగారు పైరు పూతకు వచ్చే రోజుల్లో మన దగ్గర ఈ ప్రమాదం ఎక్కువ.

రాత్రి వేడి మరింత మోసం చేస్తుంది. పగలు తయారు చేసుకున్న పిండిపదార్థాన్ని మొక్క రాత్రి వేడికి శ్వాసలో ఖర్చు పెట్టేస్తుంది, గింజకు చేరవలసింది తగ్గిపోతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లో అనేక ఏళ్ల లెక్కలు పరిశీలించి, పంటకాలంలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు వరి దిగుబడి దాదాపు 10 శాతం తగ్గిందని 2004లో తెలిపింది. ‘రాత్రిళ్లు ఉక్కపోత ఎక్కువైంది’ అని మనం అనుకునే మాట పొలంలో ధాన్యపు పుట్లు తగ్గడంగా మారుతుంది.

ఎక్కడో యుద్ధం జరిగితే ఒంగోలులో నూనె ధర ఎందుకు పెరుగుతుంది?

మనం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి వస్తుంది. పొద్దుతిరుగుడు నూనెలో అధిక భాగం ఉక్రెయిన్, రష్యాల నుంచి వచ్చేది. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలై నల్ల సముద్రపు రేవులు మూతపడ్డాయి. అది చాలదన్నట్టు, ఏప్రిల్ 28న ఇండోనేషియా తన ప్రజలకు నూనె కరువు కాకూడదని పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. మే 23న మళ్లీ అనుమతించింది. ఆ ఏడాది మార్చిలో ప్రపంచ ఆహార ధరల సూచీ అంతకుముందెన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. అప్పుడు ఇంట్లో పిండివంటలు మానుకున్నవారికి, బజ్జీల బండి పెట్టుకుని బతికేవారికి ఆ సూచీ అంటే ఏమిటో విడిగా చెప్పనక్కరలేదు.

దారులు కూడా సరుకంత ముఖ్యం. 2022 జులైలో కుదిరిన నల్ల సముద్ర ధాన్య ఒప్పందం వల్ల దాదాపు 3.3 కోట్ల టన్నుల ధాన్యం, ఇతర ఆహార సరుకులు బయటికి రాగలిగాయి. 2023 జులైలో రష్యా దాని నుంచి తప్పుకుంది. అదే ఏడాది వానలు లేక పనామా కాలువకు నీరందించే సరస్సులో నీటిమట్టం పడిపోయి రోజుకు దాటే ఓడల సంఖ్యను తగ్గించవలసి వచ్చింది. నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలై చాలా ఓడలు ఆఫ్రికాను చుట్టి రావలసి వచ్చింది. ఒక దారిని కరువు, ఒక దారిని యుద్ధం మూసేస్తే కిరాయి పెరుగుతుంది. ఆ కిరాయి చివరికి కొట్టులో లీటరు పాకెట్ మీద పడుతుంది.

ఎరువుల కొరతకు దీనితో సంబంధం ఉందా?

నేరుగా ఉంది. యూరియా తయారీకి సహజవాయువు కావాలి, అందులో అధిక భాగం దిగుమతి. పొటాష్ దాదాపు పూర్తిగా బయటి నుంచే వస్తుంది. భాస్వరం ఇచ్చే డీఏపీ ఎరువుకు కావలసిన ముడిసరుకు కూడా అంతే. చైనా 2021 నుంచి ఫాస్ఫేట్ ఎగుమతులను కట్టడి చేయడం, పొటాష్ అమ్మే రష్యా, బెలారుస్‌ల మీద ఆంక్షలు పడడం వల్ల వచ్చిన ఒత్తిడి మన సహకార సంఘం గోదాము దాకా వచ్చింది. 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలే, కానీ పైరుకు అవసరమైన వారంలో అది దొరకకపోతే ఆ ధరతో పనేమిటి? దుబ్బు కట్టే దశలో పది రోజులు ఆలస్యమైన నత్రజనిని తర్వాత రెట్టింపు వేసినా పైరు అందుకోదు.

పక్కనున్న శ్రీలంక అనుభవం కూడా గుర్తుంచుకోవాలి. 2021లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. వరి దిగుబడి పడిపోయింది, నవంబరుకల్లా నిర్ణయం వెనక్కి తీసుకోవలసి వచ్చింది, బియ్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. నేల బాగుండాలని కోరుకునేవారిలో నేనూ ఒకడిని. పచ్చిరొట్ట, పశువుల ఎరువు, జీవన ఎరువులు పెరగాలి. కాని ఆ మార్పు రైతు చేతిలో ఏళ్ల తరబడి జరగాలి తప్ప ఒక ఉత్తర్వుతో ఒక్క కారులో జరిగేది కాదు.

2023లో బియ్యం ఎగుమతులు ఎందుకు ఆపారు? అది మంచిదా, చెడ్డదా?

ప్రపంచంలో ఏటా 52 కోట్ల టన్నులకు పైగా బియ్యం పండుతుంది. అందులో దేశాల మధ్య చేతులు మారేది సుమారు పదో వంతు మాత్రమే. పండిన చోటే ఎక్కువగా తినేసే పంట ఇది. ఆ కొద్దిపాటి వ్యాపారంలోనూ దాదాపు 40 శాతం భారతదేశానిదే. అంత చిన్న అంగట్లో అంత పెద్ద దుకాణం తలుపు వేసుకుంటే ఏమవుతుందో ఊహించవచ్చు.

2023 వేసవిలో ఎల్ నినో భయం, దేశంలో పెరుగుతున్న బియ్యం ధరలు చూసి కేంద్ర ప్రభుత్వం జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. నూకల ఎగుమతి 2022 సెప్టెంబరులోనే ఆగిపోయింది. అంతర్జాతీయ ధరలు 15 ఏళ్లలో ఎన్నడూ లేనంతగా పెరిగాయి. బెనిన్, సెనెగల్, టోగో వంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల్లో మన బియ్యం, నూకల మీద ఆధారపడ్డ పేదల మీద ఆ భారం పడింది. తెల్ల బియ్యం మీద నిషేధాన్ని 2024 సెప్టెంబరులో, నూకల మీద నిషేధాన్ని 2025 మార్చిలో తొలగించారు.

ఇదే కథ 2008లో ఇంకా తీవ్రంగా జరిగింది. ముందు మన దేశం, తర్వాత వియత్నాం ఎగుమతులు బిగించగానే, కొనే దేశాలు భయపడి అవసరానికి మించి నిల్వ చేశాయి. థాయ్ బియ్యం ధర టన్నుకు 1,000 డాలర్లు దాటింది. ఆ ఏడాది ప్రపంచంలో వరి పంట పోలేదు. భయమే కొరతను పుట్టించింది.

సొంత ప్రజల కడుపు చూసుకోవడం ఏ ప్రభుత్వానికైనా మొదటి బాధ్యత, అందులో తప్పు లేదు. కాని ఒక్క రాత్రిలో తలుపు మూయడం వల్ల రెండు చోట్ల పేదలు నష్టపోతారని నా అభిప్రాయం: ఓడ కోసం ఎదురుచూసే ఆఫ్రికా కూలీ ఒకరు, పంట చేతికి వచ్చిన వారంలోనే ధర కుంగిపోయిన మన రైతు ఇంకొకరు. గోదాముల్లో తగినంత నిల్వ ఉంచుకుని, సుంకాన్ని దశలవారీగా మారుస్తూ, నిర్ణయాన్ని కారు మొదలయ్యే ముందే ప్రకటిస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

ఒక దేశంలో పంట పోతే ఇంకో దేశం నుంచి తెచ్చుకోవచ్చు కదా?

ఒక్క చోట పోతే తెచ్చుకోవచ్చు. వరి, గోధుమ, మొక్కజొన్న అనే మూడు పంటలే మొక్కల నుంచి మనుషులకు అందే శక్తిలో దాదాపు 60 శాతాన్ని ఇస్తున్నాయి, వాటిని అమ్మగల దేశాలు కొద్దే. 2010లో వడగాడ్పులకు గోధుమ మాడిపోతే రష్యా ఎగుమతులు ఆపింది. 2022 మార్చి మన దేశంలో 122 ఏళ్లలోకెల్లా వేడి మార్చి కావడంతో ఉత్తరాదిన గోధుమ గింజ సన్నబడింది. అప్పటికే ఉక్రెయిన్ యుద్ధంతో అల్లాడుతున్న సమయంలో మే 13న మన ప్రభుత్వం గోధుమ ఎగుమతులను నిషేధించింది. రెండు మూడు ధాన్యాగారాలు ఒకే ఏడాది తడబడితే తెచ్చుకోవడానికి నాలుగోది ఉండదు.

పంట తగ్గితే ధర పెరుగుతుంది. అప్పుడు రైతుకు లాభమే కదా?

అమ్మడానికి పంట మిగిలిన రైతుకు లాభం. 2021 నవంబరు వానలకు నిమ్మ తోటల్లో పూత, పిందె దెబ్బతిన్నాయి. 2022 వేసవి మొదట్లో గూడూరు, పొదలకూరు మార్కెట్లలో నిమ్మ ధర రికార్డు స్థాయికి చేరినప్పుడు చాలామంది తోటల్లో కాయే లేదు. దేశమంతా నిమ్మ ధర గురించి మాట్లాడుకుంటుంటే తోట యజమాని ఖాళీ చెట్లకు నీళ్లు కట్టుకుంటూ ఉండిపోయాడు.

ధాన్యం సంగతి వేరు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. 2025–26కు కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే పుట్టికి సుమారు 20,136 రూపాయలు పడాలి. కోతలు ఒకేసారి ముమ్మరమై, ఆకాశంలో మబ్బు కనబడి, ఆరబెట్టుకునే కళ్లం లేని రైతుకు ఆ ధర కాగితం మీదే మిగిలిపోతుంది. తేమ 17 శాతం దాటిందంటూ దళారి చెప్పిన రేటుకు తల ఊపవలసి వస్తుంది. మా బంధువొకరు ఒక మిల్లు ముందు ట్రాక్టరు మీద రెండు రాత్రులు కాపలా ఉండి, మూడో రోజు మబ్బు పట్టగానే అడిగిన రేటుకే దింపి వచ్చారు. ఆ ధాన్యమే నాలుగు నెలల తర్వాత బియ్యమై అంగట్లో ఎంత పలికిందో ఆయన ఇంట్లోవాళ్లకూ తెలుసు, ఎందుకంటే వాళ్లూ కొనుక్కున్నారు.

కరువైనా వరదైనా ముందుగా దెబ్బతినేది ఎవరు?

కౌలు రైతు. పెట్టుబడి ఆయనది, అప్పు ఆయనది. కౌలు కాగితం రాసివ్వడానికి భూయజమానులు వెనకాడడం వల్ల పరిహారం, బ్యాంకు రుణం మాత్రం తరచుగా ఆయన దాకా రావు. తర్వాత కూలీలు. నాట్లు ఆగిపోయిన వారం నాటు కూలీల ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమవుతుంది, ముఖ్యంగా ఆడవాళ్లు తాము తినేది తగ్గించి పిల్లలకు పెడతారు.

2013 ఆహార భద్రత చట్టం కింద దేశంలో దాదాపు 81 కోట్ల మందికి, ఎక్కువగా నెలకు మనిషికి 5 కిలోల చొప్పున, తిండిగింజలు అందుతున్నాయి, 2023 జనవరి నుంచి ఉచితంగా ఇస్తున్నారు. ఇది లేకపోతే 2020 తర్వాతి ఏళ్లు ఇంకా ఘోరంగా ఉండేవి. అయినా బియ్యం కడుపు నింపుతుంది గాని పప్పు, పాలు, కూర, గుడ్డు ఇచ్చే బలం ఇవ్వదు. ధరలు పెరిగినప్పుడు పేద ఇంట్లో మొదట తగ్గేవి అవే.

వరి పండని మెట్ట ప్రాంతం వాళ్లం మేం. మా సంగతేమిటి?

కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు రైతులు దశాబ్దాలుగా వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం చూస్తున్నారు. ఆ నీరు రావాలి, అది వాళ్ల హక్కు. అయితే నీరు వచ్చినా అది నెల్లూరు డెల్టాలా మడి నిండా నీళ్లు నిలిపేంత ఉండదు, కాబట్టి ఆ నేలకు తగ్గ పంటలను చులకన చేయకూడదు. ఈ మెట్టల్లో ఒకప్పుడు వరిగ, సజ్జ, జొన్న, ఆరిక ప్రధానమైన తిండి. తక్కువ వానకు, తక్కువ రోజుల్లో పండేవి. గాదెలో ఏళ్ల తరబడి పురుగు పట్టకుండా నిలిచేవి కూడా కొన్ని వాటిలో ఉన్నాయి. రేషను బియ్యం రావడంతో వరిగన్నం పేదరికానికి గుర్తు అనుకుని వదిలేశాం.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్టణాల్లో కొర్రలు, సామలు కిలో వంద రూపాయలు దాటి అమ్ముతున్నారు. కాని పండించే రైతుకు దగ్గర్లో పొట్టు తీసే మర లేదు, నమ్మకంగా కొనే కేంద్రం లేదు. ఆ రెండూ మండలానికి ఒకటి చొప్పున లేకుండా ‘చిరుధాన్యాలు వేయండి’ అని సలహా ఇవ్వడం రైతును ఒంటరిగా వదిలేయడమే.

ఒంగోలు గిత్తకు ప్రపంచ ఆహారంతో సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ చేరి అక్కడ ‘నెలోర్’ అనే పేరుతో స్థిరపడ్డాయి. ఆ పేరు నెల్లూరు నుంచి వచ్చిందే. బ్రెజిల్ మాంసపు పశువుల్లో అత్యధికం ఈ జాతివీ, దీని సంకరాలూ. వేడిని తట్టుకోవడం, పురుగు పుట్రను ఓర్చుకోవడం, ముతక గడ్డితో బతకడం దాని గుణాలు. వేడెక్కుతున్న భూమి మీద ప్రపంచం వెతుకుతున్న గుణాలు ఇవే. ఇక్కడ మాత్రం ట్రాక్టర్లు వచ్చి, మేత బీళ్లు తగ్గి, ఆ జాతి పందేల గిత్తలకు పరిమితమవుతోంది.

రొయ్యల చెరువులు ఆహార భద్రతకు మేలా, చేటా?

రెండూ. అవి ఉపాధినీ, ఎగుమతి ఆదాయాన్నీ ఇచ్చాయి. కాని పక్క పొలాల్లోకి ఉప్పు ఊరి, తాగునీటి బావులు ఉప్పబడి, వరి మళ్లీ వేయలేని నేలలు తీరం వెంట ఉన్నాయి. పైగా ఈ సాగు కూడా దూరపు వాతావరణానికి బందీయే: రొయ్యల మేతలో వాడే చేపల పొడికి పెరూ తీరంలో దొరికే చిన్న చేపలు ముఖ్యమైన ఆధారం. 2023లో ఎల్ నినో వల్ల అక్కడ మొదటి వేట కాలాన్నే రద్దు చేశారు.

కొత్త వంగడాలు ఈ సమస్యను తీర్చగలవా?

కొంతవరకు. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449, అంటే మనం నెల్లూరు మసూరి అని పిలిచే రకం, అంతకుముందు మొలగొలుకులు, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి మన అన్నాన్ని తీర్చిదిద్దాయి. మారుటేరు వరి పరిశోధన స్థానం వారి స్వర్ణ రకానికి మునకను తట్టుకునే జన్యువును చేర్చి రూపొందించిన స్వర్ణ సబ్1 దాదాపు రెండు వారాలు నీట మునిగినా తేరుకోగలదు. 2025 మేలో జన్యు సవరణతో తయారైన రెండు వరి రకాలను కేంద్రం ప్రకటించింది; ఒకటి సాంబ మసూరి నుంచి, రెండోది కాటన్‌దొర సన్నాల నుంచి పుట్టినవి కావడం తెలుగువారికి గర్వకారణం. సాంబ మసూరి నుంచి వచ్చిన రకం దాదాపు 20 రోజుల ముందే కోతకు వస్తుందని ప్రకటించారు. అదే నిజమై మన మడుల్లో నిలబడితే, ఎడగారు కోత అక్టోబరు వానకు చిక్కకుండా బయటపడుతుంది.

అయినా విత్తనం ఒక్కటే ఏమీ చేయలేదు. పూడిక తీయని చెరువు, చివరి భూములకు నీరందని కాలువ, మురుగు కాలువల్లో పెరిగిన గుర్రపుడెక్క అలాగే ఉంటే ఎంత మంచి రకమైనా మునుగుతుంది లేదా ఎండుతుంది.

కోసిన ధాన్యం వానకు తడిస్తే వెంటనే ఏం చేయాలి?

పంట కోత నుంచి దుకాణం చేరేలోపు ప్రపంచంలో 13 శాతం దాకా ఆహారం పాడవుతోందని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో మన వాటాను తగ్గించుకోగలిగే చోటు ఇది. సెప్టెంబరు చివర, అక్టోబరులో ఎడగారు ధాన్యాన్ని రోడ్డు పక్కన ఆరబోసినప్పుడు రాత్రి వాన పడితే, తెల్లవారి పట్ట తీయగానే పులిసిన వాసన, వెచ్చని ఆవిరి ముఖానికి తగులుతాయి. రాశిలో చెయ్యి పెడితే లోపల వేడిగా ఉంటుంది. గుప్పెడు తీసి చూస్తే గింజ కొసన తెల్లటి చుక్కలా మొలక కనబడుతుంది. ఆ దశకు రాకముందే కదలాలి.

ఎండ లేకపోతే, ఒక క్వింటాలు తడిసిన ధాన్యానికి 5 కిలోల మెత్తని ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి రాశి పోస్తే మొలక రాకుండా, రంగు మారకుండా కొద్ది రోజులు నిలుస్తుంది. ఎండ రాగానే పలచగా ఆరబోసి తూర్పారబట్టాలి. కోయకుండా పడిపోయిన పైరు వెన్నులు మొలకెత్తే ప్రమాదముంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులు తడిసేలా పిచికారి చేయాలి. మొలక వచ్చిన ధాన్యాన్ని మంచి ధాన్యంలో కలపవద్దు. కలిపితే మొత్తం రాశికీ ధర పోతుంది. తడిసినదాన్ని విడిగా ఉప్పుడు బియ్యం మిల్లుకు ఇవ్వడం మేలు.

పంట బీమా ఉన్నవారు, కోసి పొలంలో ఆరబెట్టిన పంట 14 రోజులలోపు అకాల వానకు దెబ్బతింటే 72 గంటల్లోగా తెలియజేయాలి. ఈ-పంట (ప్రభుత్వ పంట నమోదు) కాగితం, తడిసిన రాశి ఫొటోలు తీసుకుని రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. ఫొటోలో వెనుక మీ పొలం గట్టో, ఊరి పేరున్న రాయో కనబడేలా తీయండి. కౌలుకు చేసేవారు కౌలు గుర్తింపు కార్డు కూడా వెంట తీసుకెళ్లండి. అది లేకపోతే ఈ కారు నాట్లకు ముందే దానికి దరఖాస్తు పెట్టుకోండి.